నల్ల పొట్టేలు, ఎండిపోయిన క్యాన్

చెక్క స్కేలు క్యాన్‌లోకి దించి, కాసేపు ఆగి బయటికి తీశాను. మంచు పట్టలేదు. స్కేలు మీద మంచు ఎంత ఎత్తుకు పడితే లోపల నైట్రోజన్ ద్రవం అంత ఉన్నట్టు. తుడిచి మళ్లీ దించాను. ఈసారి అడుగు తగిలిన చప్పుడు కూడా వినబడింది. మూతి మీద అరచెయ్యి ఆనించి చూశాను. మామూలు ఇత్తడి బిందె మీద చెయ్యి పెట్టినట్టుంది.

పంజాగుట్టలో మా ఆఫీసు ఉన్న భవనం సెల్లార్ అది. క్యాన్‌కు ఒకవైపు విరిగిన కుర్చీలు, మరోవైపు రంగు డబ్బాలు. నేను మూడు వారాలు చికున్‌గున్యాతో మంచం మీద ఉండి, ఇంకా వేళ్లు సరిగా ముడవలేని స్థితిలో ఆ ఉదయమే ఉద్యోగానికి వచ్చాను. ఆలోగా ఆఫీసును రెండో అంతస్తు నుంచి ఐదో అంతస్తుకు మార్చారు. సామానంతా పైకి వెళ్లింది. సోఫాలు వెళ్లాయి, కాఫీ మిషన్ వెళ్లింది, గోడ మీద గొర్రెల ఫొటోలు కూడా వెళ్లాయి. క్యాన్ మాత్రం కిందికి వచ్చింది.

నేను పశువైద్యురాలిని. నాటు పశుజాతులు అంతరించిపోకుండా చూడటానికి పెట్టిన ఒక చిన్న సంస్థలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఆ క్యాన్‌లో ఉన్నవి దక్కని గొర్రెల పొట్టేళ్ల వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు. నల్లగా, ముతక ఉన్నితో ఉండే గొర్రెలవి. గొంగడి నేసేది ఆ ఉన్నితోనే. కరువులో పదిహేను రోజులు నడిచినా కాళ్లు వాయవు, ముళ్లకంప తిని కూడా పిల్లకు పాలిస్తాయి. కానీ మాంసం తక్కువ పడుతుందని పెంపకందార్లు పొడుగు కాళ్ల తెల్ల పొట్టేళ్లను తెచ్చి మందల్లో వదిలారు. అట్లా రెండు మూడు ఈతల్లో నల్ల మంద గోధుమరంగుకు, తర్వాత తెలుపుకు తిరిగిపోతుంది. అచ్చమైన నల్ల పొట్టేలు దొరకాలంటే ఊళ్లు గాలించాలి. అదీ ఒకే మందలోవి చాలవు. దగ్గరి రక్తం కలిసేకొద్దీ పిల్లలు బలహీనంగా పుడతాయి. అందుకే ఒకదానికొకటి చుట్టరికం లేని మందలు వెతికి, ఒక్కొక్క పొట్టేలు దగ్గరా కూర్చుని, కుమ్మించుకుని, తన్నించుకుని నేను పోగు చేసిన విత్తనం అది. ద్రవం ఒక్కసారి ఎండితే స్ట్రాలు ఉన్నచోటే ఉంటాయి, లోపల ప్రాణం ఉండదు. మళ్లీ ఎంత నింపినా తిరిగి రాదు.

ఐదో అంతస్తుకు మెట్లెక్కే వెళ్లాను. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేదు. మోకాళ్లు మండుతున్నాయి. ఆఫీసు వ్యవహారాలు చూసే అధికారి కొత్త బల్ల సర్దుకుంటున్నాడు.

"క్యాన్ ఎండిపోయిందండీ," అన్నాను.

"ఏ క్యాన్ మేడం?"

"సెల్లార్‌లో పెట్టించారే, అది."

"గదా. ఖాళీ డబ్బా అనుకున్నం మేడం. షిఫ్టింగ్‌ల జర గడబిడ అయింది."

"పది రోజులకోసారి నింపించాలని ఎర్ర ఇంకుతో రాసి అంటించాను. మీకు మెయిల్ పెట్టాను. ఫోన్ చేసి కూడా చెప్పాను."

"కాయితం ఊడిపోయినట్టున్నది. నైట్రోజన్ బండోడు రెండుసార్లు వచ్చిండట గని, పాత ఫ్లోర్ తాళం చూసి వాపస్ పోయిండట. ఇప్పుడేమైంది, ఫోన్ జేసి నింపిస్త."

"నైట్రోజన్ నింపుతారు. పొట్టేళ్లను ఎవరు నింపుతారు?"

అతను నా ముఖంలోకి చూసి నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు, నన్ను సముదాయించే నవ్వు. అదే నాకు ఎక్కువ మండింది. "గొర్లకేం కొదువ మేడం. ఆషాఢం గదా, బల్కంపేట దిక్కు పోయి చూడుండ్రి. రోడ్డు నిండ గవే."

డైరెక్టర్ గారు అంతకంటే మర్యాదగా మాట్లాడారు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. "ఏంటి డాక్టర్ గారూ, అసలే ఒంట్లో బాగోలేదు మీకు. రిపోర్టులో సాంకేతిక కారణాల వల్ల అని రాసేయండి. జరిగిందేదో జరిగింది," అన్నారు. కాఫీ అక్కడే వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చి రిపోర్టు రాశాను. సాంకేతిక కారణం అన్న మాట రాయలేదు. నిర్లక్ష్యం అని రాశాను. ఎవరిదో కూడా రాశాను. చివర నా పేరు కూడా చేర్చాను. అంత అపురూపమైన సరుకును ఒక్క పాత క్యాన్‌లో పెట్టి, రెండో చోట దాచకుండా సెలవు మీద వెళ్లింది నేనే కదా.

ఆ తర్వాత చెయ్యాల్సిన ఫోన్ ఒకటుంది. మెదక్ వైపు ఒక ఊళ్లో కురుమ పెద్దాయన ఉన్నాడు. మేం మొదట విత్తనం తీసింది ఆయన పొట్టేలు నుంచే. కుడి కొమ్ము కొస విరిగిన నల్ల పోతు. దాని తల్లిని, తల్లి తల్లిని కూడా గుర్తు పెట్టుకుని చెప్పగలడాయన. చుట్టుపక్కల అందరూ తెల్లవాటికి మారినా మారని మనిషి. నేను వెళ్లినప్పుడల్లా "బిడ్డా" అని పిలిచి, గొంగడి పరిచి కూర్చోబెట్టేవాడు.

"పెద్దయ్యా, మీ నల్ల పోతు బాగుందా?"

"లేదు బిడ్డా. మొన్న బేరగానికి ఇచ్చేసిన, బోనాలకు. ముసల్దైతుండె. నువ్వే గద చెప్పినవు, దాని ఇత్తనం మీ తాన పదిలంగున్నదని. ఇగ ఫికర్ లేదనుకున్న."

గోడకు ఆనుకున్నాను. పక్కనే కాఫీ మిషన్ బుసకొడుతోంది. అబద్ధం చెబితే ఆ పూటకు గడిచిపోయేది. చెప్పలేదు. క్యాన్ ఎండిపోయిందని, అంతా పోయిందని చెప్పాను.

"అంత పోయిందా?"

"అంతా."

ఆయన తిట్టలేదు. "బేరగాని నంబరు చెప్త, రాసుకో," అన్నాడు.

బేరగాడు మంచివాడు. లారీ ఎక్కడ దింపాడో, నల్లదాన్ని ఎవరు కొన్నారో చెప్పాడు. బల్కంపేట గుడి వెనక గల్లీలో ఒక కుటుంబం. మా ఇల్లు అమీర్‌పేటలోనే, హాస్టళ్ల వరసలో. అంటే ఆ పొట్టేలు మూడు రోజులుగా మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. నేను నొప్పులతో మంచం మీద ఉండి, కిటికీలోంచి డప్పులు వింటూనే ఉన్నాను.

సాయంత్రం వెళ్లాను. ఇంటి గేటుకు కట్టేసి ఉంది. నుదుటి మీద పసుపు, మెడలో వేపమండలు. విరిగిన కొమ్ము. నన్ను చూసి ముక్కు ఎగబీల్చింది. ఆ ఇంటి ఇల్లాలు గడపకు పసుపు రాస్తోంది. విషయం చెప్పి, దీనికి బదులు ఇంకో పొట్టేలును తెచ్చిస్తానని, దీన్ని నాకివ్వమని అడిగాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. "అక్కా, మా ఆయన పంజాగుట్ట దవఖానల ఇరవై దినాలున్నడు. బతుకుతడని ఎవ్వలు చెప్పలే. అప్పుడు మొక్కిన, నల్లదాన్నే ఇస్తనని. దీని మీద నీళ్లు జల్లినం, అది ఒళ్లు జాడిచ్చి జడ్త ఇచ్చింది సుత, అమ్మ ఒప్పుకున్నట్టే. ఇప్పుడు మార్చుమంటే ఎట్ల మారుస్త?"

ఆమె తప్పేముంది. మాట ఇచ్చింది, నిలబెట్టుకుంటోంది. మాట తప్పిన వాళ్లం మేము. నాకు కోపం వచ్చింది నిజమే, కానీ అది ఆమె మీద కాదు. ఆమె ముందు నిలబడి ఉన్న నా మీద.

ఆలోచించి ఇంకో సంగతి అడిగాను. కోసిన వెంటనే వృషణాలు మాత్రం నాకివ్వమని. కోసిన కొన్ని గంటల్లోపు వాటిలోంచి కూడా బతికున్న విత్తనం తీయవచ్చు. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పని. చేసి చాలా కాలమైంది.

"కపూరాలా?" అందామె. మొదటిసారి నవ్వింది. "మా మరిది మొన్ననే అడిగి పెట్టిండు, వేపుకుంటనని." తర్వాత కొంచెం ఆలోచించి, "అమ్మకు తలకాయ, రక్తం ముట్టాలె. కడమది మాదే. మా మరిదికి నేను చెప్త. పొద్దుగాలనే రా," అంది.

ఆదివారం పొద్దున్నే ఐస్ పెట్టెతో ఆ గల్లీలో ఉన్నాను. అప్పటికే జనం. బోనాలెత్తుకున్న ఆడవాళ్లు వరసగా వెళ్తున్నారు. నేను ఎంత పశువైద్యురాలినైనా ఆ పొట్టేలు వైపు చూడలేకపోయాను. కోశాక ఆమె మరిది వృషణాల తిత్తిని చీల్చకుండా మొత్తంగా సంచిలో వేసి నా చేతికిచ్చాడు. "మస్తు కిస్మత్ అక్కా నీది," అన్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని ఐస్‌కు నేరుగా తగలకుండా బట్టలో చుట్టి పెట్టెలో పెట్టాను.

అటువైపు దారులన్నీ మూసేశారు. ఆటోలు లేవు. పెట్టె భుజానికి వేసుకుని జనానికి ఎదురీదుతూ అమీర్‌పేట దాకా, అక్కడి నుంచి మెట్రో స్తంభాల నీడన పంజాగుట్ట దాకా నడిచాను. కోచింగ్ బోర్డుల కింద పిల్లలు టిఫిన్లు తింటున్నారు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మడమల్లో సూదులు. తిట్టుకుంటూ నడిచాను. కాగితం ఊడిపోయిందన్నవాణ్ణి, జరిగిందేదో జరిగిందన్న పెద్దమనిషిని, దాచాం కదా అని నిశ్చింతగా ఉన్న నన్ను. పేర్లు పెట్టి, పైకే తిట్టాను. ఆ రోజు రోడ్డు మీద అందరికీ పూనకాలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

క్యాన్‌ను శనివారమే నేను దగ్గరుండి నింపించి, ఐదో అంతస్తులోని మా ల్యాబ్‌లోకి ఎక్కించాను. వాచ్‌మన్ తాళం తీశాడు. మైక్రోస్కోపు కింద మొదటి చుక్క పెట్టి చూస్తే, కదలిక ఉంది. బాగా ఉంది. గుంపులుగా, మంద కదిలినట్టు. వేళ్లు ముడుచుకోక స్ట్రాలు రెండుసార్లు చేతిలోంచి జారాయి. సాయంత్రానికి పని అయింది. పోయినదాంతో పోలిస్తే గుప్పెడు. అదీ ఒక్క పొట్టేలుది. మిగతా మందల పొట్టేళ్లలో చాలావాటికి వారసులే లేరు.

సోమవారం నా బల్ల మీద మెమో ఉంది. సెలవు రోజున అనుమతి లేకుండా జంతు అవశేషాలను ఆఫీసులోకి తెచ్చినందుకు వివరణ ఇవ్వాలట. క్యాన్ ఎండబెట్టినందుకు ఎవరికీ మెమో లేదు. వివరణ ఒక్క వాక్యంలో ఇచ్చాను: అవశేషాలను తెచ్చే అవసరం ఎందుకొచ్చిందో నా రిపోర్టులో ఉంది, చదవగలరు.

ఆ వారంలోనే పెద్దాయన బస్సెక్కి వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని ఐదో అంతస్తులో, అద్దాల తలుపు ముందు నిలబడ్డాడు. అధికారి లేచి టీ తెప్పిస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు.

"నా పోతు యాడున్నది, చూపి."

ల్యాబ్‌లోకి తీసుకెళ్లి క్యాన్ మూత తీశాను. అధికారి కూడా మా వెనకే వచ్చాడు. తెల్లటి పొగ పొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల మీద పడింది. ఆయన వంగి, లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దీనికి మేతెవరేస్తరు?" అని అడిగాడు.

అధికారి నావైపు చూశాడు. అతనే చెప్పాలని ఊరుకున్నాను.

"నేనే చూసుకుంట పెద్దయ్య," అన్నాడు చివరికి, నేలవైపు చూస్తూ.

"నువ్వేనా మొన్న సుత చూసింది?"

పెద్దాయన నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "మందకు రోగమొస్తే మేము రెండు జాగల తోల్తం బిడ్డా. ఒక్క దొడ్ల పెట్టం. గింత సదువుకున్నరు, గది తెల్వదా మీకు? ఇంకో మాట. డబ్బాల పోతు మేస్తదా, నడుస్తదా, వానల తడుస్తదా? దీన్ని నమ్మి నేను ఉన్న పోతునమ్ముకుంటి. తప్పు నాది సుత. నల్లయి పదకొండు ఆడగొర్లున్నయి నా తాన. వాటికి పోతు గావాలె. డబ్బా గాదు, పోతు."

టీ అయినా తాగి వెళ్లమన్నాను. బస్సు దొరకదని వెళ్లిపోయాడు.

గుప్పెడు స్ట్రాలలో సగం, ఇంకో ఊళ్లో నా తోటి చదివిన ఒక డాక్టరమ్మ ల్యాబ్‌కు పంపాను. అనుమతి అడిగితే, పరిశీలిస్తామన్నారు. పరిశీలన అయ్యేదాకా ఆగలేదు. దానికీ ఒక మెమో వచ్చింది. ఆ తర్వాత నా సెలవులన్నీ పొట్టేలు వెతకడానికే పోయాయి. ఎన్నో మందలు చూశాను. నల్లగా కనిపించినవాటి ఉన్ని విడదీసి చూస్తే తెల్ల రక్తం తెలిసిపోయేది. కర్ణాటక సరిహద్దు దగ్గర ఒక చిన్న మందలో, పెద్దాయన గొర్రెలతో ఏ చుట్టరికమూ లేని రెండేళ్ల పోతు దొరికింది. ట్రాలీ ఆటోలో దాని పక్కనే కూర్చుని తీసుకెళ్లాను.

ఆయన దాని నోరు తెరిచి పళ్లు చూశాడు. ఉన్ని పిడికిట్లో పట్టి లాగి చూశాడు. ఒక్కొక్క గిట్టా ఎత్తి చూశాడు. తర్వాత మెడతాడు విప్పి ఆడవాటిలోకి వదిలాడు.

"కాళ్లు మంచిగున్నయి," అన్నాడు.

నన్ను క్షమించాడని నేననుకోను. ఆ రోజు గొంగడి పరవలేదు. నేను గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆఫీసులో నా రిపోర్టు ఇంకా పరిశీలనలోనే ఉంది. ప్రతి సోమవారం స్కేలు నేనే దించుతాను, అధికారిని పక్కన నిలబెట్టి, మంచు ఎంత ఎత్తు పట్టిందో అతనిచేతే రాయించి, సంతకం పెట్టిస్తాను.