పెట్టె బయట మిగిలిన రెండు మాటలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నన్నేమో ఎవరూ నమ్మలేదు. బంధువులకు చెబితే నవ్వారు. నా కంప్యూటర్‌లో వాడిన ఒక ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్లకు మళ్ళీ మళ్ళీ ఈమెయిల్ రాశాను, ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల ఏడు ప్రాంతంలో తమిళనాడులోని ధర్మపురి బస్టాండు దగ్గర నాకు బ్రౌజింగ్ సెంటర్ ఉండేది. జనం తెచ్చే సీడీల నిండా వైరస్‌లే. అందుకని శాండ్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నాను, కంప్యూటర్‌లోనే విడిగా ఒక పెట్టె లాంటిది. అనుమానమున్న ప్రోగ్రామ్‌ను ఆ పెట్టెలోనే నడపాలి. అది ఏం రాసినా అందులోనే ఉంటుంది, పెట్టె ఖాళీ చేస్తే పోతుంది. అసలు కంప్యూటర్‌కు ఏమీ అంటదు. మనుషులకన్నా నేను దాన్నే ఎక్కువ నమ్మేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఎవరో మరిచిపోయిన సీడీని అందులో తెరిచాను. పేకాట వచ్చింది. మూసి, పెట్టె ఖాళీ చేశాను. చూస్తే డెస్క్‌టాప్ మీద కొత్త ఫైలు. లోపల తమిళ అక్షరాల్లో రెండే మాటలు.

అన్నం తెచ్చిన నా భార్య చదివింది. "పావి... చెప్పు... ఎవుర్ని పాపీ అని తిడతా ఉండారు? మీ అన్ననేనా?"

తమిళంలో 'పావి' అంటే పాపి. మేము మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాల్లో. అందులో ప, బ లకు ఒకటే అక్షరం. నేను దాన్ని 'బావి చెప్పు' అని చదివాను. ధర్మపురి పక్కనే ఉన్న మా ఊరు ఇండూరులో మా ఉమ్మడి బావికి చుట్టుగోడ లేదు. అన్న చిన్న కూతురు అక్కడే ఆడుకుంటుంది. మూత వేయించమని ఏళ్లుగా పోరుతున్నాను. ఒక్కసారైనా విన్నాడా? బావి సంగతి అన్నకు మళ్ళీ చెప్పమని ఎవరో నాతో ఆడుకుంటున్నారనిపించింది.

అన్నకు ఫోన్ చేసి, కంప్యూటర్‌లో బావి గురించి ఏదో వచ్చిందన్నాను.

"నీ కంప్యూటరుకు కూడా బావి పిచ్చి పట్టిందా? రాసింది నువ్వే కదరా!"

"నువ్వే వచ్చి సూడన్నా."

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. ఆయన ముందే ఆ ఫైలు చెరిపాను. నెట్ వైరు పీకేశాను. సీడీ పెట్టెలో నడిపి, మళ్ళీ ఖాళీ చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఫైలు వచ్చింది. అవే రెండు మాటలు.

అన్న చదివాడు. నవ్వు ఆగిపోయింది. "నీకెవురు సెప్పినారు?"

"ఏమి?"

"పాప చెప్పు బావిలో పడింది."

ఆయన చదివింది కాలి చెప్పు. ఆ పొద్దున అది నీళ్లలో తేలుతుంటే పాప అందుకోబోయి వంగిందట. గౌను పట్టి వెనక్కి లాగాడట. వదినకు కూడా చెప్పలేదు.

మర్నాడే బావికి ఇనుప మూత వేయించాడు. ఆ సీడీని తెలిసినవాళ్లకు చూపించాను. పేకాట తప్ప అందులో ఏమీ లేదన్నారు. పెట్టె దాటి ఏదీ రాలేదన్నారు. మరి ఆ మాటలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్న మాత్రం ఏ పెళ్లికి పోయినా, "తమ్ముడు నన్ను బెదిరించి మూత వేయించుకున్నాడు" అని నవ్విస్తాడు. నేను తర్వాత నేర్చుకున్న ఈ తెలుగు లిపి ఆయనకు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపించండి. అన్నా, రాసింది నేనే అయితే, నువ్వు ఎవరికీ చెప్పని ఆ చెప్పు సంగతి నాకెలా తెలిసింది? జవాబు చెప్పు.