తెగులు చెట్లు పీకేసిన తోట

పుంగనూరులో మా సారు చనిపోయారని పోయిన మంగళవారం ఫోన్ వచ్చింది. మదనపల్లె కాలేజీలో నేను క్లాసు మధ్యలో ఉన్నాను. మిగిలిన పాఠం చెప్పేసే బయటికి వచ్చాను. క్లాసు ఆపితే ముందు ఆయనే కోప్పడేవారు.

ఆయన మొక్కల తెగుళ్ళ ప్రొఫెసరు. నాది సమాజశాస్త్రం. ఆయన నాకు గైడు కాదు, మార్కులు వేసినవారూ కాదు. అయినా నేనీరోజు నలుగురికి పాఠం చెబుతున్నానంటే, ఎత్తేయబోయిన నా పరిశోధన సీటును ఆయన నిలబెట్టినందుకే. ఈ మాట మా డిపార్ట్‌మెంటు పెద్దలకు రుచించదు. రుచించకపోతే పోనీ.

మా విశ్వవిద్యాలయంలో సారు ఒక పద్ధతి పెట్టారు. పరిశోధనకని ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు వేరే డిపార్ట్‌మెంటు మనిషిని వెంట తీసుకెళ్ళాలి. గుడుపల్లె వైపు రాళ్ళ మీద పనిచేసే జియాలజీ అబ్బాయితో కూలీల వలసలు చదివే అమ్మాయి వెళ్ళింది. కుప్పంలో మూడు భాషలు కలిసిన మాటను రికార్డు చేసే అతని వెంట బోరు నీళ్ళు పరీక్షించే కెమిస్ట్రీ ఆమె వెళ్ళింది. తిరిగొచ్చాక సారు అందరికీ ఉప్మా, టీ ఇప్పించి, తన పని గురించి కాదు, పక్కవాళ్ళ పని గురించి చెప్పమనేవారు. ఇంగ్లీషు మాటల చాటుకు పోతే ఒప్పుకునేవారు కాదు.

“మీయమ్మకు అర్థమయ్యేట్ల సెప్పప్పా. ఆయమ్మకు అర్థం కాలేదంటే నీకూ కాలేదు.”

మనం చెబుతుంటే ఆయన ఉప్మాలోని కరివేపాకును కూడా తిరగేసి అడుగు చూసి, అప్పుడే పక్కన పెట్టేవారు. అది ఆకు అడుగున తెగులు వెతికే అలవాటు, వేళాకోళం కాదు.

నన్ను తన సొంత విద్యార్థికే జత చేశారు. టమోటా ఆకుముడత తెగులు అతని విషయం. నేను చేరకముందే అతను పెద్దపంజాణి వైపు ఒక పల్లె నుంచి ఆకులు ఏరుకొచ్చాడు. వాటిలో తెగులు దాదాపు లేదు. అక్కడ వేసిన కొత్త రకం తెగులును తట్టుకుంటోందని గురుశిష్యులిద్దరూ వ్యాసం రాసి పత్రికకు పంపారు. రెండోసారి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. అతను తోటలో వంగి ఆకులు చూస్తుంటే, నేను గట్టు మీద ఆ తోట యజమానురాలితో పిల్లల చదువు గురించి మాట్లాడుతున్నాను. మాటల మధ్య ఆమె మామూలుగా అంది:

“సార్లు వస్తారని ముందే కబురొచ్చింది గదమ్మా. పోయినసారీ, ఈసారీ ముడత సెట్లన్నీ పీకేసినాం. సుట్టాలు వస్తాంటే ఇల్లు ఊడ్సకుండా పెట్టుకుంటామా?”

ఊరంతా అదే చేసింది. మాకు మర్యాద చేశారు. మావాడు ఏరుకొచ్చింది ఆ ఊడ్చిన తోటల ఆకులే. విషయం సారుకు చెప్పాం. “బాగా ఊడ్సినారప్పా” అని ఆయన నవ్వి, పత్రికకు రాసి ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నారు.

అదే ఏడాది సామాజిక శాస్త్రాల్లో పరిశోధన సీట్లు ఎత్తేయాలని పైవాళ్ళు సమావేశం పెట్టారు. నా సీటు ఇంకా ఖాయం కాలేదు. అది పోతే రాళ్ళ క్వారీ కూలీ కూతురికి ఇంకో దారి లేదు. మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. జనంతో ముచ్చట్లు పెట్టడం కూడా పరిశోధనేనా అని ఒక పెద్దమనిషి అడిగాడు. సారు లేచారు.

“నేను తప్పు వ్యాసం రాసినాను సార్. ల్యాబులో ఎన్ని టెస్టులు సేసినా ఆ తప్పు కనపడల్యా. ఈ పాప గట్టున కూసోని మాట్లాడితే కనపడింది. ఎత్తేయాలంటే ముందు నా ల్యాబు ఎత్తేయండి.”

డీన్ కావలసిన సారు ఆ తర్వాత కాలేదు. నా సీటు నిలిచింది.

నేను ఉద్యోగంలో చేరాక, పేపర్లో నా వ్యాసం వచ్చిన రోజల్లా సారు ఫోన్ చేసేవారు. “నీ కోపం బాగుండాదమ్మా. ఆధారం యాడ?” అనేవారు. మెచ్చుకోలు అంతే. మొన్న విశ్వవిద్యాలయంలో జరిగిన సంతాప సభలో శాస్త్రాల సమన్వయం గురించి వేదిక మీది పెద్దలు చాలాసేపు దంచారు. నేను లేచి, ఈ ఏడాది సమాజశాస్త్రంలో ఎన్ని పరిశోధన సీట్లు ఇచ్చారని అడిగాను. మైకు లాక్కున్నారు. ఒక్కటీ ఇవ్వలేదు, ఆధారం వాళ్ళ నోటిఫికేషనే. సారు రిటైరయ్యాక ఒక్కొక్కటే తీసేశారు. వైరసులు కావాలి, రాళ్ళు కావాలి, పశువులు కావాలి. వాటి మధ్య బతికే మనుషులు మాత్రం వీళ్ళకు దండగ.

సభ బయట జువాలజీ పరిశోధక విద్యార్థిని ఒకామె నన్ను ఆపింది. పుంగనూరు ఆవుల మీద పనిచేస్తోందట. వెంట తీసుకెళ్ళడానికి సమాజశాస్త్రం డిపార్ట్‌మెంటులో పరిశోధక విద్యార్థే లేడని చెప్పింది. ఆదివారం నేనే వెళ్ళాను.

ఒక వాకిట్లో ఆ పొట్టి ఆవు నిలబడి ఉంది. ఆ పిల్ల టేపు తీసి ఎత్తు కొలవడానికి వంగింది. ఆవును అమ్మేయమని కొడుకులు పడుతున్న తగువు గురించి ఇంటామె నాకు చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే టేపు నేల మీద ఉంది, ఆవు దాన్ని వాసన చూస్తోంది. ఆ పిల్ల గడప పక్కన కూర్చుని వింటోంది.