ఎముకల్లేని బాతు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎంత పెద్ద చిక్కైనా అంకెలు వేసి వరసగా రాసుకుంటే సగం తీరిపోతుందని. ఇంజనీరింగ్ చదివి మలేషియాలోని క్లాంగ్‌లో రబ్బరు చేతితొడుగులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరిన కొత్త. మెషిన్ ఆగిపోతే కారణాలన్నీ కాగితం మీద పెట్టి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతాం. చివరికి కొట్టివేతకు లొంగకుండా ఏది మిగిలితే అదే జబ్బు. అదే పద్ధతిలో పెళ్ళి కూడా చేసేసుకోవచ్చని నా లెక్క. (నవ్వకండి. ఆ వయసులో అందరికీ ఏదో ఒక పద్ధతి ఉంటుంది.) అమ్మాయికి నేను ఇష్టమే. రోజూ ఒకే రైల్లో ఆఫీసులకి వెళ్ళేవాళ్ళం, ఆ సంగతి అక్కడే తేలిపోయింది. మా అమ్మకి ఇష్టమే. వాళ్ళమ్మకి ఇష్టమే. జాతకాలకి కూడా ఇష్టమే. కొట్టివేతకు లొంగకుండా మిగిలింది ఒక్కటే: అమ్మాయి వాళ్ళ నాన్న.

ఆయన్ని వాళ్ళ ఊరు బాగన్ దాతుక్ వైపు అందరూ మండోర్ అంటారు. పామాయిల్ తోటలో కూలీల మీద మేస్త్రీ అన్నమాట. పని మానేసి చాలా కాలమైనా మనుషుల్ని గెలల్ని చూసినట్టే చూస్తారు: ఇది పండింది, ఇది పచ్చిది, ఇది ఎలక కొరికింది. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను చనువుగా "మావయ్యా" అని పలకరించాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "నానేటి నీకు మావయ్యని? అంకుల్ అను, సాలు" అన్నారు. నేను ఎలక కొరికిన గెల కింద జమ అయినట్టు అక్కడే అర్థమైంది.

కారణం ఒక గుడ్డు. మలేషియాలో మాకు పురట్టాసి అంటే పెరుమాళ్ళ నెల. నెల పొడుగునా మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టం. మా తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కినప్పుడు ఈ వ్రతం వాళ్ళ మూటల్లో ఉందో లేదో నాకు తెలీదు. తోటల్లో పక్క లైను ఇళ్ళలో ఉన్న తమిళుల దగ్గర పట్టుకున్నాం అంటారు మా పెద్దవాళ్ళు. పట్టుకున్నాం కాబట్టి వాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నాం. అందులోనూ మండోర్ గారు వాళ్ళ ఊరి పెరుమాళ్ళ గుడి కమిటీకి పెద్ద. అలాంటి నెలలో నేను ఫ్యాక్టరీ క్యాంటీన్లో నాసి గోరెంగ్ అనే వేపుడన్నం తింటుండగా, అన్నం అడుగున ఒక గుడ్డు బయటపడింది. అది బయటపడేసరికి సగం లోపలికి పోయింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఒక ఆంటీ చూశారు. ఆ ఆంటీకి బాగన్ దాతుక్‌లో చుట్టాలున్నారు. అంతే. "నోరు కట్టుకోలేనోడు రేపు ఇల్లేటి కట్టుకుంటాడు?" అని మండోర్ గారు తీర్పు ఇచ్చేశారట.

మా పిన్నికి పని లేకపోతే తోచదు. పండగలకీ గుళ్ళకీ మనవాళ్ళని బస్సుల్లో తిప్పే చిన్న వ్యాపారం ఆమెది. టిక్కెట్లు చవకగా ఉన్నాయని ఆ ఏడు పురట్టాసిలోనే సైగాన్ యాత్ర పెట్టింది. మా ఇంటినీ, మండోర్ గారి ఇంటినీ అందులో ఇరికించింది. "నాలుగు రోజులు కలిసి తిరిగితే మనసు మారతాది లా, నువ్వు మాత్రం నోరు జాగర్త" అని నాతో అంది (మలేషియాలో మా మాటల చివర 'లా' అనే తోక ఉంటుంది). పైగా వ్రతంలో ఉన్న బృందం మొత్తానికి శాకాహారం వెతికిపెట్టే ఉద్యోగం నాకే వేయించింది. గుడ్డు మచ్చ కడుక్కోవడానికి ఇంతకంటే మంచి సబ్బు దొరకదు కదా.

నేను ఆ ఉద్యోగం ఫ్యాక్టరీ పనికంటే శ్రద్ధగా చేశాను. వియత్నాంలో శాకాహారానికి 'చాయ్' అని బోర్డు పెడతారు (మన టీకీ దానికీ ఏ చుట్టరికం లేదు). ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటుంది కాబట్టి పెద్ద అక్షరాలతో రాసి, బస్సులో మైకు పట్టుకుని అందరికీ చూపించాను. అమావాస్య మర్నాడూ, పున్నమినాడూ అక్కడివాళ్ళు కూడా మాంసం మానేస్తారని, అప్పుడు మామూలు కొట్లు కూడా కొన్ని చాయ్ బోర్డు తగిలించేస్తాయని, చైనా వాళ్ళు సోయా పొరతో బాతూ చేపా అచ్చం అలాగే చేస్తారని, భయపడకుండా తినొచ్చని చెప్పాను. అందరూ విన్నారు. మండోర్ గారు మాత్రం బోర్డు మాట వరకు విని, అక్కడి నుంచి గుర్రు పెట్టి నిద్రపోయారు.

మూడు రోజులు నా చాయ్ కొట్ల మీదే బృందం బతికింది. తోఫూ, పుట్టగొడుగులు, మళ్ళీ తోఫూ. మండోర్ గారి మొహం రోజురోజుకీ ఎండు కొబ్బరిలా ముడుచుకుపోతూ వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం మమ్మల్ని చోలన్‌లో దింపారు. సైగాన్లో చైనా వాళ్ళ పేట అది. పసుపు గోడల పెద్ద మార్కెట్, బస్తాల్లో ఎండు రొయ్యలు, ఎండు మిరపకాయలు, ఒక వీధి నిండా ఎండు వేళ్ళూ బెరళ్ళూ అమ్మే మందుల కొట్లు, తలుపంత మూటలు వెనక కట్టుకుని కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయే మోటారుసైకిళ్ళు. మా క్లాంగ్‌లో ఇంత ట్రాఫిక్ ఉంటే మేం ఇల్లు కదలం. ఆ రోజు వాళ్ళ చంద్రుడి పండగ. ఒక వీధి పొడుగునా ఎర్ర దీపాలు, నక్షత్రాల బొమ్మలు వేలాడుతున్నాయి, పిల్లలు డప్పులు కొడుతున్నారు. ఆ వీధిలోనే బృందం దీపాల బేరాల్లో పడింది. కాసేపటికి అమ్మాయి వాళ్ళమ్మ నన్ను పిలిచి, ఈయన కనిపించట్లేదు బాబూ, ఫోను కూడా ఎత్తట్లేదు, కాస్త చూసిరా అని పంపించారు.

నేను వెతకడం కూడా పద్ధతిగానే మొదలుపెట్టాను. మందుల వీధి చూశాను, లేరు. అక్కడి చైనా గుడి దగ్గర చూశాను, లేరు. మార్కెట్ వెనక సందులోకి తిరిగేసరికి ఒక తోపుడు బండి కనిపించింది. బండి అద్దం మీద బలిసిన బాతు బొమ్మ. బండి వెనక గోడవైపు తిరిగి, పిల్లలు కూర్చునేంత ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద ఒక పెద్ద మనిషి వంగి కూర్చున్నాడు. భుజాల మీద ఆ గళ్ళ తువ్వాలు బాగన్ దాతుక్ అంతటా ఒక్కరిదే.

గిన్నెలో నూడుల్సు, వాటి మీద నిగనిగలాడే గోధుమరంగు ముక్కలు. ఆయన కళ్ళు మూసుకుని నములుతున్నారు. సముద్రం దాటితే పెరుమాళ్ళకి కనపడదనుకున్నారు కాబోలు. గుడ్డు తిన్నవాణ్ణి బాతు తిన్నవారి ముందు నిలబెట్టాడు దేవుడు! అంతలో నా చూపు బండి ముందువైపు పడింది. బాతు బొమ్మ పక్కన చిన్న పసుపు అట్టముక్క దారంతో వేలాడుతోంది. దాని మీద చేత్తో రాసింది: 'చాయ్'. ఆ రోజు పున్నమి. ఆ బండి మీద బొమ్మ తప్ప వేరే బాతు లేదు.

ఆయన కూర్చున్న చోటికి అట్టముక్క కనపడదు. బొమ్మ చూపించి వేలు పెట్టి ఉంటారు, బండి ఆవిడ నవ్వి తలూపి ఉంటుంది. "అంకుల్, అది సోయా" అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్దామనే నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఆ మొహంలో అంత భయం చూశాక తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది.

"ఏటి బాబూ, నువ్వేటి ఇక్కడ?"

"మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చినాను అంకుల్. ఆంటీ కంగారు పడుతున్నారు."

ఆయన గిన్నెని తువ్వాలుతో కప్పబోయారు. అది కప్పితే దాగే వాసన కాదు. కాసేపు నావైపు, కాసేపు గోడవైపు చూసి, పక్క ముక్కాలిపీట కాలితో నావైపు తోశారు. కూకోమన్నారు. బండి ఆవిడకి వేలు చూపించి ఇంకో గిన్నె చెప్పారు. తోటలో పనిచేసిన మనిషి కదా, దొంగతనంలో చెయ్యి కలిపినవాడు ఫిర్యాదు చెయ్యడని ఆయనకి బాగా తెలుసు. నేను వెనక్కి జరిగాను. వద్దంకుల్, పురట్టాసి అన్నాను. (ఆ మాట అన్నప్పుడు నా గొంతు వణికిందంటే నటన అనుకోకండి, నవ్వు ఆపుకోవడం వల్ల వణికింది.)

"తిను లా. ఒక్క పూటకి పెరుమాళ్ళు ఏటీ అనుకోడు."

"మీరు చెప్పినారు కాబట్టి తింటాను అంకుల్. లేకపోతే ప్రాణం పోయినా ముట్టను."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ వల్ల కావచ్చు. నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. పైన కరకర, లోపల మెత్తన, దాల్చినచెక్క వాసన. "సూసినావా, ఒక్క ఎముక లేదు" అన్నారు మండోర్ గారు రహస్యంగా. "అన్నీ ఏరేసి పెట్టింది మాతల్లి. మన టెలుక్ ఇంటాన్ చైనావోళ్ళు నేర్చుకోవాల." నేను నూడుల్స్‌లో తల దూర్చేశాను. నన్ను చూసి ఆయన, పాపం కుర్రాడు తప్పు చేస్తున్నందుకు తలెత్తలేకపోతున్నాడు అనుకున్నారు. వీపు మీద చెయ్యి వేసి మెల్లగా అన్నారు.

"అంకుల్ ఏటి, పరాయోడిలాగ. మావయ్య అను."

నా జాబితాలో చివరి అంకె కొట్టివేతకు లొంగింది. కానీ ఏ మెషినూ బాగయ్యీ కాగానే సాఫీగా నడవదు. సందు మొదట్లో అమ్మాయి వాళ్ళమ్మ గొంతు వినపడింది. పక్కనే మా పిన్ని, వెనకాల చేతిలో పెద్ద ఎర్ర నక్షత్రం దీపంతో అమ్మాయి. మావయ్య (ఇక అలాగే రాస్తాను, హక్కు వచ్చింది కదా) గిన్నె పట్టుకుని లేవబోయారు. ఆ పొట్టి పీట ఆయనతోపాటే లేచింది. ఏటి తింటన్నారు అని అత్తయ్య అడిగేసరికి ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడు నేను లేచి, అందరికీ వినపడేలా అన్నాను:

"ఇది చాయ్ కొట్టే, ఆంటీ. శుద్ధ శాకాహారం. నేనే వెతికి కూర్చోబెట్టినాను."

మావయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నా కోసం ఇంత పెద్ద అబద్ధం ఆడిన మగాడు ఈ భూమ్మీద ఉన్నాడా అన్నట్టు చూశారు. అత్తయ్యకి నా మాట మీద నమ్మకం, ఆకలి కూడా. అలాగా, ఒక ముక్క ఇటివ్వండి అని చెయ్యి చాపారు. మావయ్య గిన్నె వెనక్కి లాక్కున్నారు. నీకొద్దు, కారం అన్నారు. ఆవిడ వదల్లేదు. భార్య వ్రతం చెడుతుందన్న భయంతో ఆయన మిగిలిన ముక్కలన్నీ ఒక్కసారే నోట్లో కుక్కుకుని, బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డారు. "ఎప్పుడూ ఇంతే, ఒక్కరికి పెట్టడు" అని అత్తయ్య మా పిన్నితో విసుక్కున్నారు.

ఈ గొడవలో నేను అమ్మాయిని మర్చిపోయాను. ఆమె బండి ముందు నిలబడి ఉంది. పసుపు అట్టముక్క చదివింది. వాళ్ళ నాన్న బుగ్గలు చూసింది. తర్వాత నావైపు చూసింది. ఏ ఇంజనీరూ వెయ్యలేనంత వేగంగా లెక్క వేసేసింది. ఆమె నోరు విప్పితే నా మావయ్య మళ్ళీ అంకుల్ అయిపోతారు. "నాన్నా, పదండి, బస్సు వెళ్ళిపోతాది" అంది, అంతే. అంటూనే చేతిలో నక్షత్రం దీపాన్ని అట్టముక్కకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. మావయ్య బండి ముందునుంచి తలవంచుకుని దాటేవరకూ, ఇంద చూడు ఎంత బాగుందో అన్నట్టు అలాగే పట్టుకుని నిలబడింది. ఆయన సమ్మతి అంతకు ముందే దొరికింది గానీ, నాకు పెళ్ళయింది మాత్రం అక్కడే అని నా లెక్క.

తిరిగి రాగానే మావయ్య గుండు చేయించుకున్నారు. వ్రతం మధ్యలో గుండేమిటని ఊళ్ళో అడిగితే మొక్కు అన్నారు. ఆయన భక్తి చూసి గుడి కమిటీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఆయన్నే పెద్దగా ఉండమన్నారు. ఇప్పటికీ ప్రతి పురట్టాసిలో ఒక శనివారం పచ్చి నీళ్ళు కూడా తాగకుండా ఉంటారు. ఎందుకో లోకంలో మా ముగ్గురికే తెలుసు. మామూలు రోజుల్లో నేను ఆయన్ని తీసుకెళ్ళి క్లాంగ్‌లో, ఈపోలో పేరున్న చోట్లన్నిటా బాతు తినిపించాను. రెండు ముక్కలు తిని పెదవి విరుస్తారు. ఎముకలంటారు. కొవ్వంటారు. ఆ రుచి మళ్ళీ దొరకదురా అంటారు.

మొన్న పురట్టాసిలో ఆయన ఉపవాసం ఉన్న శనివారం నాకు మనసు ఆగలేదు. వయసు మీదపడింది, ఎందుకు ఈ శిక్ష అనిపించింది. కొబ్బరి చెట్ల కింద ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. మావయ్యా, ఆ రోజు పున్నమి, బండికి చాయ్ బోర్డు ఉంది, అది బాతు కాదు సోయా పొర, మీ వ్రతం చెడలేదు, అత్తయ్యతో నేనన్నది నిజమే అని అంకెలు వేసినట్టు వరసగా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ఆ రోజు సందులో వేసినట్టే వీపు మీద చెయ్యి వేశారు.

"ఇన్నేళ్ళయినా నన్ను కాపాడ్డానికే సూస్తన్నావురా. నీలాంటి అల్లుడు ఎవడికి దొరుకుతాడు లా."

పక్కకి తిరిగితే మా ఆవిడ వాకిట్లో నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మైకు పట్టుకుని ప్రపంచానికి చాయ్ పాఠం చెప్పిన ఆ కుర్రవాడు ఇప్పుడు కనిపిస్తే చెప్పాలనుంది. ఆ సందులో నువ్వు ఆడిన మాటల్లో కల్తీ లేని నిజం 'శుద్ధ శాకాహారం' ఒక్కటే బాబూ, దాన్ని మాత్రం ఆయన ఈ జన్మలో నమ్మరు.