గోపన్న మోకాలు

గోపన్నకు లోకమంతా మోకాలితోనే కొలత. పత్తికొండ పక్క పల్లెలో ఆరడుగులు దాటి పెరిగిన మనిషి. వానెంత పడిందని అడిగితే "వంకలో నీళ్ళు మోకాలికి నాలుగు వేళ్ళు తక్కువ" అంటాడు. పెళ్ళిచూపుల నుంచి వచ్చి, పిల్ల ఎట్లుందంటే "అరుగు మోకాలెత్తుండాది, శానా గట్టి ఇల్లు" అన్నాడట. ఆ పిల్లే ఉరుకుందమ్మ. ముగ్గురు బిడ్డల తల్లయినా ఆ మాట ఇంకా మరిచిపోలేదు.

ఆ పిచ్చే చివరికి ఊరికి చట్టమైంది. ఊరి బీడు మీద రైతులకూ గొర్లవాళ్ళకూ ఏటా తగవే. కసువు, అంటే బీడులో మొలిచే గడ్డి, లేతగా ఉన్నప్పుడే గొర్లు పడితే విత్తనం రాలదు, ఎండాకాలం ఎద్దులకు మేత మిగలదు. మరీ ఆగితే గొర్లు మాడతాయి. పందొమ్మిది వందల యాభై రెండు కరువు తర్వాత రెండు పక్షాలూ కూర్చుని, కసువు గోపన్న మోకాలికి వస్తేనే బీడు తెరవాలని ఒప్పుకున్నాయి.

"ఆ పొడుగోని మోకాలా? మా పొట్టి గిడ్డమ్మ మోకాలు పెట్టుకోండప్పా!" అని మొదట గొర్లవాళ్ళు మొత్తుకున్నారు.

"ఆయమ్మ మోకాలైతే రేపే తెరవాల" అన్నాడు రైతుల తరఫు పెద్ద ఈరన్న.

గోపన్న కరిగే రకం కాదు. సోమవారం సోమవారం పంచె ఎగ్గట్టి బీడంతా తిరిగి, "ఇంకా రెండు వేళ్ళు" అని చెప్పి పోయేవాడు. సొంత బావమరిది గొర్లనే బయటికి తోలించాడు.

ఒక యేడు వాన ముఖం చాటేసింది. గిడ్డమ్మకు మొగుడు లేడు, ఉన్నవి పన్నెండు గొర్లు. తల్లులకు పాలు లేక పిల్లలు తూలుతున్నాయి. ఇంకో వారం ఆగితే అన్నిటినీ సంతకు తోలాల్సిందే.

"ఎంతుండాది గోపన్నా?" అంది బీడు అంచున నిలబడి.

గోపన్న ఆమె గొర్ల దొడ్డి పక్కనున్న బీడు మూలకు పోయి, మడమలతో నేల గీరుతూ చాలాసేపు ఆలోచించాడు.

"ఈ మూల మోకాలికొచ్చినాది. ఈడ మాత్రం తెరుద్దాం. మిగతాది ఇంకా రెండు వేళ్ళు."

వెనకే వచ్చిన ఈరన్న వంగి చూశాడు. గోపన్న పాదాలు చీలమండల దాకా గుంతలో ఉన్నాయి.

"ఏమప్పా, పోయిన వారానికీ ఈ వారానికీ పొట్టిగైనావే?"

"వయసైతాండాది కదప్పా, కుంగిపోతాండా."

ఈరన్నకు నవ్వొచ్చింది. గిడ్డమ్మ ముఖం చూశాక ఆ నవ్వు మింగి, పక్కకు తప్పుకుని గొర్లకు దారిచ్చాడు.

మరుసటేడూ వాన మొండికేసింది. గోపన్న మడమలు సిద్ధం చేసుకుని అదే మూలకు పోయాడు. అక్కడ గుంత అప్పటికే తవ్వి ఉంది, జానెడు లోతున, అంచులు చదునుగా. పక్కనే ఈరన్న భుజాన పార వేసుకుని, మబ్బు తునక లేని ఆకాశాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నిలబడప్పా" అన్నాడు, తల దించకుండానే. "గిడ్డమ్మ కాసుకోనుండాది. మోకాలికొచ్చినాదో లేదో చూసి చెప్పు."