వసంత కాలికి తగలని పోటు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక్క మాట. చిన్నది కాబట్టే ఎవరికీ కనబడకుండా మోయగలిగాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పడం సులువు.

నేను ఫెన్సింగ్ ఆడేదాన్ని. ముఖానికి జాలీ తొడుగు, ఒంటికి తెల్లకోటు, చేతిలో సన్నటి కత్తి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పుదుచ్చేరిలో ఆ ఆట పేరు తెలిసినవాళ్ళే తక్కువ. నెల్లితోపు నుంచి నేను, ఒర్లియంపేట నుంచి వసంత సాధనకు వచ్చేవాళ్ళం. నాకంటే చిన్నది. మాలాగే వాళ్ళకూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆమెకు మొదట కత్తి పట్టడం నేర్పింది నేనే.

ఒకసారి ఇద్దరం విదేశంలో ఒక చిన్నస్థాయి అంతర్జాతీయ పోటీకి వెళ్ళాం. పేరున్న ఆటగాళ్ళు అలాంటివాటికి రారు. మాలాంటివాళ్ళు నాలుగు ర్యాంకింగు పాయింట్లు దొరుకుతాయేమోనని వెళ్తారు. తీరా చూస్తే మేమిద్దరమే ఎదురెదురు పడ్డాం. గెలిచినవాళ్ళకు పాయింట్లు, ఓడినవాళ్ళు ఇంటికి.

చివరికి స్కోరు సమమైంది. ఇంకొక్క పోటు చాలు. మా ఆటలో కత్తి మొన కాలికి తగిలినా లెక్కే. తగలగానే దీపం వెలుగుతుంది. నేను వంగి ఆమె బూటు మీదికి పొడిచాను. ఆమె కాలు లాక్కుంది. మొన జారి, మేం ఆడుతున్న లోహపు పట్టీ అంచు దాటి, చెక్కనేలకు గుచ్చుకుంది. పట్టీ మీద పడితే దీపం వెలగదు. చెక్క మీద పడితే వెలుగుతుంది. వెలిగింది. రిఫరీ చూసింది ఆ దీపాన్నే. నా మణికట్టుకు మాత్రం తెలుసు, బూటు మెత్తగా ఉంటుంది, నేల గట్టిగా ఉంటుంది.

వసంత అభ్యంతరం చెప్పడానికి చెయ్యెత్తబోయి, జాలీ తీసి నా వైపు చూసింది.

“యాడ తగిలిందక్కా? నాకు తెలీనేలేదే.”

“బూటు కొసకి.”

“నిజంగానా?”

“తగిలింది వసంతా.”

“నువ్వు చెప్తే సరే.”

ఎత్తబోయిన చెయ్యే చాచి నా చేతిలో కలిపింది.

ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో అట్టడుగున నా పేరు చేరింది. నాన్న చుట్టుపక్కల కొట్లవాళ్ళందర్నీ బ్రౌజింగ్ సెంటరుకు పిలుచుకెళ్ళి చూపించాడు. తర్వాతి పోటీలకు నన్నే ఎంపిక చేశారు. వసంత మరికొంత కాలం ఆడి మానేసింది.

పాయింట్ల కోసమేనా ఆ అబద్ధం? చాలాకాలం అలాగే నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. నేను నేర్పిన పిల్ల చేతిలో అందరి ముందూ ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు ఆమె నాకంటే బాగా ఆడుతోందని ఆ హాల్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. నేను నిజం చెప్పి, రిఫరీ ఆ పోటును రద్దు చేసి ఉంటే, తర్వాతి పోటు నాదే అయ్యుండేదేమో? అయ్యుండొచ్చు. అది తెలుసుకునే అవకాశం కూడా ఇద్దరికీ లేకుండా చేసింది నేనే.

ఇన్నాళ్ళూ కుమిలిపోయానని అనుకోకండి. బాగానే బతికాను. ఇప్పుడు పిల్లలకు అదే ఆట నేర్పుతున్నాను, హాయిగా నిద్రపోతాను. వసంత కూడా బజారులో సొంత కొట్టు పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. వీరాంపట్టినం తేరు తిరునాళ్ళకు ఏటా కలిసే వెళ్ళేవాళ్ళం. ఆమె సుఖంగా ఉన్నంత మాత్రాన నేను చేసింది తప్పు కాకుండా పోతుందా?

ఈ మధ్య తన కూతుర్ని నా దగ్గర చేర్చింది. ఆ రోజు నా మాట నమ్మి చెయ్యి దించిన కథను నా ముందే పిల్లకు గర్వంగా చెప్పింది, ఈ అక్క అబద్ధమాడదని. నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. పిల్లలు పరుగులు తీస్తుండగా మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని, తగల్లేదని చెప్పేశాను.

వసంత మెట్ల మీంచి లేచింది. పోనీలే అని కూడా అనలేదు. కూతురి నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు పిల్లను దింపడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. ఇప్పటికీ ఆయనే వస్తున్నాడు.

ఆమె మళ్ళీ వస్తుందో రాదో తెలీదు. రమ్మని అడిగే హక్కు నాకు లేదు. కానీ చెప్పిన ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, వేడన్నంలో రసం పోసుకుని, మళ్ళీ వడ్డించుకుని తిన్నాను. అంత ఆకలి నాకు వేసి ఎన్నాళ్ళయిందో.