ప్రదక్షిణగా కుట్టిన అంచు

పోయిన శనివారం మా స్టాన్‌మోర్ లైబ్రరీలో నీడిల్‌పాయింట్ అనే ఉన్నికుట్టు నేర్పుతున్నారంటే, రాక కాదు గానీ, నలుగురితో కూర్చోవచ్చని వెళ్ళాను. నేర్పే అమ్మాయి ఈ కుట్టు చరిత్ర చెబుతూ, ఇదంతా పూర్వం పెద్ద మేడల్లో పనీపాటా లేని దొరసానుల కాలక్షేపం అని నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి దీపం పెట్టుకున్నా చల్లారలేదు. దేవుడి ముందు ఆ కోపంతోనే కూర్చున్నాను, ఆయనకు తెలియంది కాదు కదా.

నాకు ఈ పని నేర్పినావిడ దొరసాని కాదు. పెళ్ళయి ఈ దేశానికి, షెఫీల్డ్ ఊరికి వచ్చిన కొత్తలో మా పక్కింటి ఆంటీ, ఆసుపత్రి లాండ్రీలో పొద్దస్తమానం దుప్పట్లు మడిచి వచ్చి, కెటిల్ పెట్టి, సూది పట్టేవారు. బడి మొహం చూడకుండా మా అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు ఆవిడ ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, చేతులు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. జల్లెడలా కళ్ళు కళ్ళుగా ఉండే బిరుసు కాన్వాసు, మొన మొద్దుగా బెజ్జం పెద్దగా ఉండే సూది, ఉన్ని, అంతే సరంజామా. ఉన్నిని నోట తడపకుండా, సూది మీదుగా మడిచి ఆ మడతనే బెజ్జంలోకి తొయ్యాలని చూపించినప్పుడు, ఎంగిలి దారంతో దేవుడి పని చెయ్యకూడదనుకునే నాకు ప్రాణం లేచొచ్చింది. మేడల్లో కుర్చీలకు కుట్టే ఈ కుట్టును ఆవిడలాంటి ఆడవాళ్ళు తమ చర్చికి తెచ్చుకుని, ప్రార్థనలో మోకాళ్ళ కింద వేసుకునే దిండ్లకు గలీబులు కుట్టేవారు.

అలాంటి ఒక గలీబుకు నడుమ పువ్వు ఆంటీ కుట్టి, అంచు నాకిచ్చారు. దేవుడిది కదా అని, పువ్వును కుడిచేతి వైపు ఉంచుకుని, మూల వచ్చినప్పుడల్లా కాన్వాసు తిప్పుకుంటూ ప్రదక్షిణగా కుట్టాను. ఈ పనిలో కుట్లన్నీ ఒకే వైపుకు వాలాలట. నావి రెండు పక్కల ఇటు, రెండు పక్కల అటు వాలాయి. దిండ్ల పని చూసే పెద్దావిడ అందరి ముందూ దాన్ని ఎత్తి చూపించి, మొత్తం విప్పెయ్యమంది. చర్చి పని తెలియనివాళ్ళ చేతికి ఎందుకిచ్చావని ఆంటీని నిలదీసింది.

మా వారు విని, "తప్పు నీదే గదా, విప్పెయ్యరాదూ? ఆవిడతో మనకెందుకు గొడవ?" అన్నారు. కుట్టు తప్పినందుకు కాదు నా ఏడుపు, "తెలియనివాళ్ళు" అన్నందుకు.

మర్నాడు విప్పడానికే కూర్చున్నాను. ఎందుకలా తిప్పావని ఆంటీ అడిగితే, బల్ల మీద వేలితో సున్నా చుట్టి, దేవుడి చుట్టూ మేమిలాగే తిరుగుతామని చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. గలీబు లాక్కుని, నన్ను వెంటపెట్టుకుని చర్చికి వెళ్ళి, నలుగురికీ టీలు అందించి కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో పడేశారు.

"ఈ పిల్ల కుట్టు కుట్టుకీ దేవుడి చుట్టూ తిరిగింది. నువ్వు తిరిగేదల్లా టీ ట్రాలీ చుట్టూనే. అంతగా విప్పాలనుంటే నువ్వే విప్పు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దావిడ విప్పలేదు. ఆ ఆదివారం ఆంటీ ఆ దిండు మీదే మోకరిల్లారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అలాంటి మనిషి పక్కన నన్ను దించినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు అందరూ మర్యాదస్తులే, కుట్టు ఎటు వాలినా "లవ్లీ" అంటారు, ఎవరూ ఎవరినీ విప్పమనరు. కానీ నా బదులు కోపం తెచ్చుకునేవాళ్ళు లేరు. నా కోపం నేనే పడాల్సివస్తోంది.