నల్లచొక్కాకి దండం

నల్లచొక్కా వేసుకున్నవాడి మనసులో ఏముందో మా వైపు జనానికి పుట్టుకతోనే తెలుసు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను నల్లబట్టలతో, కళ్లకి కాటుకతో, గోళ్లకి నల్లరంగుతో తిరిగేవాణ్ణి. జుట్టు ఒక కన్ను మీద పడుతుండేది. దీన్ని గోత్ అంటారని, ఇంకాస్త ఏడుపు పాటలు కలిస్తే ఇమో అంటారని ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. బాగుందనిపించింది, వేసుకున్నాను. అంతకు మించి ఏమీ లేదు.

ఏమీ లేదంటే జనం ఊరుకుంటారా! తెనాలి ఫ్యాన్సీ షాపాయన గోళ్లరంగు ఇస్తూ "చెల్లికా బాబూ?" అన్నాడు. నాకే అంటే సీసా వెనక్కి లాక్కున్నంత పని చేశాడు. రేపల్లె పాసింజర్లో ఎదుటి సీటు పెద్దావిడ "లవ్వు ఫెయిలయిందా నాయనా?" అంటూ జామకాయ చేతిలో పెట్టింది. హాస్టల్ వార్డెన్ లెక్కలో మాత్రం నాది గంజాయి కేసు. వారానికోసారి నా పెట్టె తిరగేసేవాడు. దొరికింది కాటుక డబ్బా. మహానుభావుడు, దాన్నీ వాసన చూశాడు.

చివరికి ప్రిన్సిపాల్ మా నాన్నని పిలిపించారు. నాన్న రేపల్లెలో హైస్కూలు మాస్టారు.

"హాస్టల్ ఖాళీ చేయించండి మాస్టారూ. ఆ వేషం చూశారా? మిగతా పిల్లలు చెడిపోతారు."

హాస్టల్ పోతే నా చదువు పోయినట్టే. రేపల్లె నుంచి రోజూ రెండు రైళ్లు మారి రావడం అయ్యే పని కాదు. అది కార్తీక మాసం. జన్మలో అబద్ధమాడని నాన్న నేలచూపులు చూస్తూ, "అయ్యప్ప మాల వేసుకుంటున్నాడండి" అన్నారు.

ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి నాకు దండం పెట్టారు. "స్వామి శరణం! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ."

అదే చొక్కా. కాటుక, గోళ్లరంగు చెరిపి, చెప్పులు విడిచి, నాన్న కొనిచ్చిన రుద్రాక్షలు మెడలో వేసుకుని, నుదుట గంధం పెట్టాను. గంజాయి వెతికిన వార్డెనే "భిక్షకి రండి స్వామీ" అంటూ ఇంటికి పిలిచి పీట వేశాడు. వీళ్ల భక్తీ ఇంతే, భయమూ ఇంతే అని లోపల అసహ్యించుకుంటూనే రెండుసార్లు పులిహోర వడ్డించుకున్నాను.

హాస్టల్లో వంటామె ఉండేది. నా వేషం గురించి ఒక్క మాటా అడగని మనిషి ఆమె ఒక్కతే. "సరిగ్గా తినవేంటి బాబూ" అని ఇంకో గరిటె కూర వేసేది. ఆమె ఒక పొద్దున నా కాళ్లకి దండం పెట్టి, పసుపుగుడ్డలో రూపాయి బిళ్ల కట్టిన ముడుపు నా చేతికిచ్చింది.

"మా పిల్లకి చూపు తగ్గిపోతందండి. కొండ మీద హుండీలో వేసి నా మాటగా చెప్పండి స్వామీ."

నేను శబరిమల వెళ్లలేదు. కొండకని పెట్టిన సెలవులన్నీ రేపల్లెలో మంచం మీద పడుకుని ఏడుపు పాటలు విన్నాను. తిరిగొచ్చి మళ్లీ కాటుక పెడితే ఎవరూ కిక్కురుమనలేదు. కొండకి వెళ్లొచ్చిన స్వామిని అనేదెవరు?

వంటామె గుమ్మంలోనే ఎదురైంది. "అందిందా స్వామీ?"

"అందిందమ్మా" అన్నాను. ముడుపు నా పెట్టెలో, కాటుక డబ్బా పక్కనే ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుని, ఆ పూట నాకు రెండు గరిటెల కూర ఎక్కువ వేసింది. నల్లచొక్కావాణ్ణి నమ్మొద్దని ఊరంతా చెబుతూనే వచ్చింది. ఆమె ఒక్కతే వినలేదు.